రాతినేల చరిత్ర - 9వ భాగం: సాగర్ నిండిన ఏడాది, కొయినా కదిలిన రాత్రి

పోయిన భాగంలో 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేయడం దగ్గర మొదలుపెట్టి, ఇక్ష్వాకుల విజయపురి నీట మునిగేలోపు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ వాళ్ళు లోయంతా తవ్వి, దక్కినంత దక్కించుకుని కొండ మీదికి చేర్చడం దాకా వచ్చాం. సిమెంటుకు కరువు, చేతులకు కరువు లేదు. అందుకే కాంక్రీటు వదిలి రాతికట్టడంతో ఆనకట్ట లేపాలన్న నిర్ణయం జరిగింది. పరంజాల మీద బారులు తీరి, తలల మీద రాళ్ళు మోస్తూ పైకెక్కిన కూలీలను చూశాం. నల్లగొండ వాళ్ళు, గుంటూరు వాళ్ళు, గుంపు మేస్త్రీల వెంట వచ్చిన పాలమూరు వాళ్ళు. దేశంలో ఏ మూల పెద్ద ప్రాజెక్టు కట్టినా పాలమూరు కూలీ ఉంటాడన్న పేరు ఎలా పుట్టిందో కూడా చెప్పుకున్నాం.

ఆ గోడ వెనక నీళ్ళు చేరాక అడుగున ఉన్న నేల ఏం చేసింది? ఏం చేయలేదు? ఈ భాగం కథ అదే.

1967వ సంవత్సరంతో మొదలుపెట్టాలి. ఆ ఏడాది మన ప్రాంతానికి భూమి మూడు మాటలు చెప్పింది. మొదటిది మార్చి 27న ఒంగోలు దగ్గర. తీవ్రత 5.4. సాగర్ నుంచి గీత గీస్తే 150 కిలోమీటర్లు కూడా ఉండదు. పెద్ద ప్రాణనష్టం లేకపోవడంతో అది పత్రికల్లో కొన్నాళ్ళు నలిగి మరుగున పడింది. రెండోదాన్ని మాట అనాలో, మౌనం అనాలో తెలియదు. ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. పైలాన్ కాలనీ, హిల్ కాలనీ పండగ చేసుకున్నాయి. గోడ ఇంకా పూర్తి కాలేదు. రాతికట్టడం ముగియడానికి 1969 దాకా, పైన గేట్లు బిగించడానికి 1974 దాకా పట్టింది. అయినా లోయలో నీళ్ళు నిలవడం మొదలైంది. కొండల మధ్య కృష్ణ వెడల్పై చెరువులా పరుచుకుంటోంది. నేల మాత్రం ఉలకలేదు, పలకలేదు.

మూడోది డిసెంబర్‌లో, మహారాష్ట్రలో. హైదరాబాద్ ఉన్న అక్షాంశం మీదే పడమటికి 500 కిలోమీటర్లు వెళితే సహ్యాద్రి కొండల్లో కొయినానగర్ వస్తుంది. అక్కడ కొయినా నది మీద 103 మీటర్ల ఎత్తున ఆనకట్ట కట్టారు. 1962 నుంచి అందులో నీళ్ళు నింపుతున్నారు. నింపిన కొద్దికాలానికే చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న చిన్న అదుర్లు మొదలయ్యాయి. నేల లోపలి నుంచి ఉరుము లాంటి చప్పుడు, గిన్నెల గలగల. జనం మొదట బెదిరి, తర్వాత అలవాటు పడ్డారు. 1967 సెప్టెంబర్ 13న గట్టిగానే కుదిపింది. డిసెంబర్ 11 తెల్లవారుజామున, నాలుగు దాటి ఇరవై నిమిషాలకు, ఊళ్ళు నిద్రలో ఉండగా 6.3 తీవ్రతతో భూమి కదిలింది. సుమారు 200 మంది చనిపోయారు. కొయినానగర్‌లో చాలా ఇళ్ళు కూలాయి. విద్యుత్కేంద్రం ఆగిపోయి ముంబయి పరిశ్రమలకు కరెంటు పోయింది. ఆనకట్ట నిలబడింది గానీ పైభాగంలో, గోడ మందం ఒక్కసారిగా తగ్గే ఎత్తు దగ్గర, ముందూ వెనకా అడ్డంగా పగుళ్ళు పట్టాయి. ఆనకట్ట లోపలి గ్యాలరీలో పెట్టిన యంత్రం ఆ కుదుపును మొదటి నుంచి చివరి దాకా రాసిపెట్టింది. ప్రపంచంలో ఆనకట్టల బలాన్ని లెక్కగట్టే ఇంజినీర్లు నేటికీ ఆ గీతను ముందు పెట్టుకునే పని చేస్తారు.

సాగర్ ఇంజినీర్లకు ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కొయినా జలాశయం సామర్థ్యం 98 టీఎంసీలు. సాగర్‌కు అనుకున్నది 408. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల టన్నుల నీరు. ఆ లెక్కన 408 టీఎంసీలు 1,150 కోట్ల టన్నుల పైమాటే. అంత బరువు, అప్పటిదాకా మోయని నేల మీద, కొన్ని వానాకాలాల్లోనే వచ్చి కూర్చోబోతోంది. కొయినా చుట్టూ నేలను అప్పటి భూకంప పటంలో ఏ ముప్పూ లేని జోన్‌లో చూపించారు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రానైటు నేలకూ అలాంటి పేరే ఉంది. మరి మన సంగతేమిటి?

దానికి జవాబు వెతకాలంటే నేల ఎందుకు కదులుతుందో తెలియాలి. అక్కడికి వెళ్దాం.

ఈ ధారావాహిక మొదటి భాగాల్లో చెప్పుకున్నట్టు, భువనగిరి గుట్ట నుంచి దేవరకొండ, రాచకొండ మీదుగా పాలమూరు బండల దాకా మన కాళ్ళ కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. అంత పాతది, అంత గట్టిది. గట్టిది కాబట్టి కదలదని మన నమ్మకం. నిజానికి భూకంపం రావాలంటే గట్టి రాయే కావాలి. మెత్తటి బంకమన్ను నొక్కితే వంగుతుంది, సాగుతుంది, ఒత్తిడిని దాచుకోదు. గట్టి రాయి దాచుకుంటుంది. ఒడ్డెర వాళ్ళు బండ చీల్చడం చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. బండ మీద వరుసగా గుంటలు కొట్టి, వాటిలో ఇనుప ముక్కలు బిగించి, ఈ చివర నుంచి ఆ చివరకు సమ్మెటతో ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతారు. పది దెబ్బలకు ఏమీ కాదు, ఇరవై దెబ్బలకు ఏమీ కాదు. రాయి మౌనంగా అన్నీ లోపల పెట్టుకుంటుంది. చివరికి ఒక చిన్న దెబ్బకు, అది ముందు దెబ్బల కంటే పెద్దదేమీ కాకపోయినా, ఠప్పుమని గీత పొడవునా బండ రెండవుతుంది.

భూమి లోపల ఆ సమ్మెట దెబ్బలు వేసేది ఎవరు? భారతదేశం ఉన్న పలక ఏడాదికి 5 సెంటీమీటర్ల దాకా ఉత్తరానికి జరుగుతోంది. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట అది ఆసియాను తాకింది. హిమాలయాలు ఆ తాకిడికి లేచినవే. ఢీకొన్నాక ఆగిపోలేదు, ఇంకా నెడుతూనే ఉంది. ఆ నెట్టుడు హిమాలయాల దగ్గరే ఖర్చయిపోదు. పలక పొడవునా వెనక్కి, దక్కను దాకా, నల్లమల దాకా వస్తుంది. మన రాతిలో ఏనాడో ఏర్పడి అతుక్కుపోయిన పగుళ్ళున్నాయి. వాటిలో కొన్ని కిలోమీటర్ల లోతుకు దిగినవి. పగులుకు రెండు వైపులా ఉన్న రాయి జరగాలని చూస్తుంది, రాపిడి దాన్ని పట్టి ఆపుతుంది. ఏళ్ళు, వందల ఏళ్ళు, వేల ఏళ్ళు. రాపిడి ఓడిపోయిన క్షణాన రెండు వైపులూ ఒక్కసారిగా జారతాయి. అప్పటిదాకా వంగి ఉన్న రాయి తన ఆకారానికి తిరిగొస్తుంది. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోను నేలకూల్చిన భూకంపం తర్వాత, అక్కడి పొలాల కంచెలు విరిగి మీటర్ల కొద్దీ పక్కకు జరిగిన తీరును కొలిచి ఈ సంగతి తేల్చినవాడు హ్యారీ ఫీల్డింగ్ రీడ్. అంతకుముందు భూకంపం వల్ల నేల పగులుతుందనుకునేవారు. పగులు వెంబడి జారడమే భూకంపమని ఆయన చూపించాడు.

జారిన చోటి నుంచి అలలు బయల్దేరతాయి. మొదట వచ్చేవి రాతిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ, గ్రానైటులో సెకనుకు దాదాపు 6 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. తర్వాతవి పక్కలకు ఊపుతూ వస్తాయి. వీటి వేగం అందులో సగం కంటే కొంచెం ఎక్కువ, కుదుపు మాత్రం బాగా ఎక్కువ. గోడలను పడగొట్టేది సాధారణంగా ఈ రెండో రకమూ, ఆ వెనక నేల పైపొరలో పాకివచ్చే అలలూ. ఈ రకాలను ఒక యంత్రం గీసిన గీతలో విడివిడిగా గుర్తుపట్టిన మొదటి మనిషి మన దేశంలో పనిచేసినవాడే. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగి రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్. 1897 జూన్ 12 నాటి అస్సాం మహాభూకంపాన్ని పరిశీలిస్తూ ఆయన అక్కడికి చేరాడు. భూమికి వేరే గర్భం ఉందని 1906లో చెప్పిందీ ఆయనే.

మొదటి అలకూ రెండో అలకూ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో చూసి, దాన్ని సుమారు 8తో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరాన వచ్చిందో తెలుస్తుంది. మూడు చోట్ల మూడు యంత్రాలుంటే, మూడు దూరాలు పటం మీద కలిసే చోటే భూకంప కేంద్రం. తీవ్రత అంకెల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే టీవీలో 3 అన్నా 6 అన్నా ఒకేలా గాభరా పుట్టిస్తుంది. ఒక్క అంకె పెరిగితే యంత్రం మీద అల ఎత్తు 10 రెట్లు, వెలువడే శక్తి 32 రెట్లు. 3.0 భూకంపానికీ కొయినా 6.3కూ మధ్య తేడా దాదాపు 90 వేల రెట్లు.

హైదరాబాద్‌లో ఈ గీతలు చదివే అలవాటు నిజాం కాలం నాటిది. బేగంపేటలోని నిజామియా వేధశాలను నక్షత్రాలు చూడటానికి కట్టినా, భూకంప లేఖిని కూడా అక్కడ నడిచింది. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరూ పిలిచే ఎన్‌జీఆర్‌ఐ, హైదరాబాద్‌లో పుట్టింది. ఉప్పల్‌లో దాని ప్రాంగణం వెలిసింది. కొయినా కదిలేనాటికి ఆ సంస్థకు ఆరేళ్ళు. హరి నారాయణ్ డైరెక్టరు. ఇంత చిన్న వయసులో ఒక సంస్థ ముందు ఇంత పెద్ద ప్రశ్న పడటం, అది కూడా మన సాగర్ నిండుతున్న రోజుల్లోనే పడటం, తెలంగాణ విజ్ఞాన చరిత్రలో పెద్దగా చెప్పుకోని ఘట్టం.

వివాదం వెంటనే రాజుకుంది. ఒక పక్షం వాదన ఇది: కొండంత రాతి కింద కిలోమీటర్ల లోతున జరిగే పనికి పైనున్న చెరువు నీళ్ళు ఏం లెక్క? అది భూమి తన కారణాలతో తాను కదిలిన భూకంపం, ఆనకట్ట పక్కన రావడం యాదృచ్ఛికం. వాళ్ళ లెక్కలో న్యాయం ఉంది. వంద మీటర్ల నీరు అడుగున పెట్టే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 10 కిలోలే. ఐదారు కిలోమీటర్ల లోతున రాయి మోసే బరువు ముందు అది దూదిపింజ. ఆ మాటల వెనక ఇంకో ఆందోళన కూడా ఉండి ఉండాలి. దేశం ఆనకట్టల మీద ఆశలన్నీ పెట్టుకున్న కాలం అది. ఆనకట్ట భూకంపం తెస్తుందంటే, భాక్రా నుంచి సాగర్ దాకా అన్నింటి మీదా అనుమానం పడుతుంది.

రెండో పక్షం చేతిలో వేరే దేశాల అనుభవం ఉంది. అమెరికాలో హూవర్ ఆనకట్ట వెనక మీడ్ సరస్సు నిండుతుండగా 1930లలోనే అదుర్లు మొదలయ్యాయి. చైనాలో సిన్‌ఫెంగ్‌కియాంగ్ దగ్గర 1962లో, ఆఫ్రికాలో కరీబా దగ్గర 1963లో, గ్రీసులో క్రెమాస్తా దగ్గర 1966లో ఆరు దాటిన భూకంపాలొచ్చాయి. అన్నీ కొత్తగా నిండిన జలాశయాల పక్కనే. నాలుగు చోట్ల యాదృచ్ఛికమైతే ఐదో చోట కూడా యాదృచ్ఛికమే అనాలా?

తాళంచెవి అనుకోని చోట దొరికింది. అమెరికాలో డెన్వర్ నగరం పక్కన సైన్యం 1962లో రసాయన వ్యర్థ జలాన్ని వదిలించుకోవడానికి మూడు కిలోమీటర్లకు పైగా లోతైన బావి తవ్వి, అందులోకి పంపు చేసింది. కొద్ది రోజులకే డెన్వర్ అదరడం మొదలైంది. పంపు చేసినప్పుడు అదుర్లు పెరిగాయి, ఆపితే తగ్గాయి. ఆ నీటికి కొండంత బరువు లేదు. నీరు చేసిన పని వేరు. అది పగుళ్ళలోకి చొచ్చుకుపోయి, రెండు రాతి ముఖాలను లోపలి నుంచి ఎడం చేసింది. అంటే రాపిడి పట్టు సడలించింది. వందల ఏళ్ళు కూడబెట్టిన ఒత్తిడి జారడానికి సిద్ధంగా ఉన్న పగులైతే, ఆ కొంచెం సడలింపు చాలు. జలాశయమూ అంతే. పైనుంచి నొక్కుతుంది, లోపలి నుంచి పట్టు సడలిస్తుంది. ఒత్తిడిని పుట్టించేది పలక కదలికే. తేదీని ముందుకు జరిపేది నీరు. నా ఉద్దేశంలో రెండు పక్షాలూ చెప్పింది అర్ధసత్యమే, కానీ ఊళ్ళలో బతికే మనుషులకు ఎక్కువ అక్కరకొచ్చింది రెండో పక్షం చెప్పిన సగం.

ఎన్‌జీఆర్‌ఐలో హర్ష్ గుప్తా, బి.కె. రస్తోగి, హరి నారాయణ్ ప్రపంచంలోని ఇలాంటి భూకంపాలన్నీ ముందేసుకుని 1972లో వాటికి ఉమ్మడి లక్షణాలున్నాయని చూపించారు. పెద్దదానికి ముందు చిన్నవి వరుసగా రావడం, మామూలు భూకంపాలతో పోలిస్తే చిన్న అదుర్ల వాటా ఎక్కువగా ఉండటం, పెద్దది వచ్చాక కూడా చాలాకాలం చల్లారకపోవడం. గుప్తా, రస్తోగి 1976లో రాసిన 'డ్యామ్స్ అండ్ ఎర్త్‌క్వేక్స్' ఈ విషయం మీద ప్రపంచమంతా చదివిన పుస్తకమైంది. తర్వాత గుప్తా ఇంకో సంగతి పట్టుకున్నారు. నీరు ఎంత ఉందన్నదే కాదు, ఎంత వేగంగా పెరిగిందన్నదీ ముఖ్యమే. కొయినాలో వారానికి 12 మీటర్ల పైన నీటిమట్టం పెరిగిన ఏడాదులే పెద్ద కుదుపులు తెచ్చాయి. అలా పెరిగిన ప్రతిసారీ వచ్చాయనడానికి లేదు. కానీ పెరగకుండా రాలేదు.

హైదరాబాద్‌లో కూర్చుని వీళ్ళు కొయినా చిక్కుముడి విప్పుతుంటే, 150 కిలోమీటర్ల దూరాన సాగర్ ఏటేటా నిండుతూ, ఖాళీ అవుతూ ఉంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వైపు 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అది గోదావరి లోయది. కోట్ల ఏళ్ళ కిందట భూమి అక్కడ చీలబోయి ఆగిపోయింది. ఆ చీలిక అంచులు పాత గాయాల్లాంటివి. అందుకే భూకంప పటంలో ఆ వైపు మూడో జోన్, మన దక్షిణ తెలంగాణ రెండో జోన్. సాగర్ పక్కన మాత్రం పెద్దది రాలేదు. ఎందుకు రాలేదు? కొయినాకు నాలుగు రెట్ల నీరు కదా?

ఎందుకంటే నీరు ఉన్న పగులునే కదపగలదు, లేనిదాన్ని తేలేదు. కొయినా కింద, సహ్యాద్రి అంచున, దాదాపు జారబోతున్న నిట్టనిలువు పగుళ్ళున్నాయి. సాగర్ కింద అంత దగ్గరకొచ్చిన పగులు లేదు, ఉన్నా నీరు దాన్ని చేరలేదు. మన నేలకు ఇది అదృష్టం అనుకోవచ్చు. హామీ అనుకోకూడదు. చిన్న జలాశయాలు కూడా నేలను కదిపిన సందర్భాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. 1982లో హైదరాబాద్ పక్కన ఉస్మాన్‌సాగర్ దగ్గర వరుసగా వచ్చిన సూక్ష్మ భూకంపాలను ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు యంత్రాలు పెట్టి పరిశీలించారు. ఉస్మాన్‌సాగర్ నాగార్జునసాగర్ ముందు ఒక కుంట. మరుసటి ఏడాది జూన్ 30న మేడ్చల్ దగ్గర వచ్చింది నగరమంతా బయటికి పరుగెత్తేంత గట్టిది.

ఆ తర్వాత పదేళ్ళకు వచ్చింది ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన రాత్రి. 1993 సెప్టెంబర్ 29న వినాయక నిమజ్జనం. మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి, చుట్టుపక్కల ఊళ్ళు రాత్రి పొద్దుపోయే దాకా ఊరేగింపులు చేసి, అలసి నిద్రపోయాయి. తెల్లవారుజామున నాలుగుకు నాలుగు నిమిషాలు తక్కువ. తీవ్రత ఆరు దాటింది. కొయినాతో సమానం. చనిపోయినవాళ్ళు మాత్రం పదివేలకు దగ్గర. హైదరాబాద్‌లో మంచాలు ఊగాయి. మహబూబ్‌నగర్ నుంచి కిల్లారికి గీత గీస్తే 220 కిలోమీటర్లే.

ఒకే తీవ్రత, ఇంత తేడా ఎందుకు? జనసాంద్రత ఒక కారణం. అసలు కారణం గోడలు. అక్కడి ఇళ్ళు గుండ్రాళ్ళను బంకమట్టితో పేర్చి కట్టినవి. రెండు అడుగులు, రెండున్నర అడుగుల మందం. బయటి వరుస రాళ్ళకూ లోపలి వరుసకూ మధ్య పట్టు లేదు, మధ్యలో మట్టీ కంకరా నింపడమే. పైన దూలాల మీద ఎండకు చల్లగా ఉండటానికి అడుగున్నర మందాన మట్టి. అటూ ఇటూ ఊగగానే గోడ రెండు పొరలుగా విడిపోయింది, టన్నుల మట్టి నిద్రపోతున్నవాళ్ళ మీద పడింది. ఆ ఇంటి వర్ణన చదువుతుంటే పాలమూరు మనిషికి గుండె ఝల్లుమంటుంది. అది మన మట్టిమిద్దె. మక్తల్, గద్వాల, కొల్లాపూర్ వైపు పాత ఊళ్ళ నిండా ఆ ఇళ్ళే. తాతలు కట్టినవి, వేసవిలో చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేవి. వాటి మీద నాకు ప్రేమే ఉంది. అందుకే వాటి ప్రమాదం గురించి గట్టిగా చెబుతున్నాను.

కిల్లారి నేల కూడా మనకు దూరపు చుట్టం కాదు. అక్కడ ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు బోరు వేసి చూస్తే, మూడొందల మీటర్ల పైచిలుకు నల్లటి లావా రాయి కింద మన గ్రానైటు కుటుంబపు పాత రాయే తగిలింది. భూకంపం పుట్టింది ఆ పాత రాతిలోనే. ఊరు పటంలో మొదటి జోన్‌లో, అన్నిటికన్నా తక్కువ ముప్పు ఉన్నచోట ఉండేది. అంతకు ఏడాది ముందు, 1992లో, నెలల తరబడి అక్కడ చిన్న అదుర్లు వచ్చాయి. జనం భయపడి బయట పడుకున్నారు, అధికారులకు మొరపెట్టుకున్నారు, అదుర్లు ఆగాక ఇళ్ళలోకి వెళ్ళారు. 2002లో కొత్త పటం వేసినప్పుడు మొదటి జోన్ అన్నదే తీసేశారు. దేశంలో ముప్పు లేని నేల లేదని పటమే ఒప్పుకుంది.

కిల్లారి తర్వాత ఇంజినీర్లు చెప్పిన మార్గాలకు పెద్ద ఖర్చు లేదు. గోడ మందమంతా దాటి వచ్చే పొడుగు రాళ్ళను అక్కడక్కడ అడ్డంగా పెట్టాలి. అప్పుడు రెండు పొరలూ విడిపోవు. తలుపు, కిటికీల పై ఎత్తున ఇంటి చుట్టూ తెగకుండా కాంక్రీటు పట్టీ వేయాలి. నాలుగు గోడలూ అప్పుడు ఒక్కటిగా ఊగుతాయి. మిద్దె మీద ఏటా వేసే మట్టిని తగ్గించాలి. పాత ఇల్లు కూల్చనవసరం లేదు. ఈ పనులు తెలిసిన మేస్త్రీలు ప్రతి మండలంలో ఉండాలి.

మన కాలానికి వస్తే, పాత నల్లగొండ జిల్లా తూర్పు కొసన, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో, కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు వెలిసింది. సామర్థ్యం 45.77 టీఎంసీలు. 2020 జనవరిలో చింతలపాలెం, మేళ్ళచెరువు మండలాల ఊళ్ళలో నేల అదరడం మొదలైంది. జనవరి 26 తెల్లవారుజామున రెండున్నర దాటాక 4.6 తీవ్రతతో ఒకటి వచ్చి హైదరాబాద్ దాకా మనుషులను లేపింది. ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు ఊళ్ళలో యంత్రాలు పెట్టారు. జనం చలిలో ఇళ్ళ బయట పడుకున్నారు. చాలామంది బాంబు పేలినట్టు చప్పుడైందన్నారు. క్వారీ పేలుడని కొట్టిపారేసినవాళ్ళూ ఉన్నారు. ఆ చప్పుడు భ్రమ కాదు. తక్కువ లోతున, గట్టి రాతిలో పుట్టిన చిన్న భూకంపపు మొదటి అల నేలపైకి రాగానే గాలిని కూడా కదుపుతుంది. అది చెవికి అందే శబ్దం. కొయినా పల్లెలు 1962 తర్వాత విన్నదీ అదే. అంత చిన్న కుదుపు 150 కిలోమీటర్లకు పైగా దూరాన తెలియడానికి కూడా మన రాయే కారణం. పగుళ్ళు తక్కువగా ఉన్న పాత గ్రానైటు అలలను మింగేయదు, దూరం మోసుకెళుతుంది.

2021 జులై 26 తెల్లవారుజామున హైదరాబాద్‌కు దక్షిణంగా 156 కిలోమీటర్ల దూరాన నల్లమల వైపు 4.0 తీవ్రతతో ఒకటి. 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నరకు ములుగు అడవుల్లో 5.3. అది మళ్ళీ గోదావరి లోయది. మూడు రోజుల తర్వాత, డిసెంబర్ 7 మధ్యాహ్నం, మహబూబ్‌నగర్ జిల్లాలో 3.0. ములుగుది చూసి పాలమూరు కదిలిందని చాలామంది కలిపి చెప్పుకున్నారు. రెండూ వేర్వేరు నేలలు, వేర్వేరు పగుళ్ళు. మొదటిది రెండోదాని కంటే రెండు వేల రెట్లకు పైగా పెద్దది. ఏది ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పగలిగిన శాస్త్రం ఇవాళ్టికి లేదు. వాట్సాప్‌లో తేదీ, గంటతో సహా వచ్చే హెచ్చరికను నమ్మనక్కర్లేదు. కానీ చిన్న అదుర్లు వారాల తరబడి వరుసగా వస్తుంటే దాన్ని తీసిపారేయకూడదు. తహసీల్దారుకు చెప్పాలి, యంత్రాలు పెట్టించుకోవాలి. పాత మిద్దెలో పడుకునే ముసలివాళ్ళను, పిల్లలను ఆ రోజుల్లో రేకుల ఇంట్లోకో బయటికో మార్చాలి. పులిచింతల పల్లెలు చేసింది అదే. అది పిరికితనం కాదు, సరైన పని.

ఈ భాగమంతా పగుళ్ళలోకి దిగిన నీరు రాతిని ఏం చేస్తుందో చూశాం. రాయి ఆ నీటిని ఏం చేస్తుందన్నది ఇంకా మిగిలే ఉంది. నల్లగొండ గ్రానైటులోని ఫ్లోరైడు ఆ పగుళ్ళ గుండానే బావుల్లోకి, అక్కడి నుంచి మనుషుల ఎముకల్లోకి చేరింది. నిజాం పాలన చివరి ఏళ్ళలో వైద్యుల కంట పడిన ఆ జబ్బు, తర్వాత బోర్లు లోతుకు దిగేకొద్దీ ఎలా ముదిరింది? పక్కనే కృష్ణ పారుతుండగా ఆ నీళ్ళు ఆ ఊళ్ళకు చేరడానికి ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టింది? వచ్చే భాగంలో మర్రిగూడ, మునుగోడు బావుల దగ్గరికి వెళ్దాం.